బీరతీగకు దారం

దగ్గరికి జరగండి బిడ్డలూ, మీ అమ్మలనూ అరుగు మీదికి పిలవండి. మొన్న మా మనవడు బడి నుంచి మొహం ముడుచుకుని వచ్చిండు. నోటుబుక్కులో 'బుద్ధిగా ఉండాలి' అని రాసి పంపిన్రు. "తాతా, బుద్ధిగా అంటే ఏం చెయ్యాలె?" అన్నడు. ఎంత చక్కని ప్రశ్న!

పెరట్లో బీరతీగను చూడండి. నేల మీద పాకొద్దని ఎంత చెప్పినా దానికేం తెలుస్తది? పక్కన దారం కడతాం. దాని నులితీగ దారానికి తగిలితే చాలు, తగిలిన వైపు తక్కువ, అవతలి వైపు ఎక్కువ పెరిగి చుట్టుకుంటది. 'అల్లరి చెయ్యొద్దు' అంటే దారి చూపినట్టు కాదు. 'మాట్లాడే ముందు చెయ్యెత్తు' అంటేనే దారం కట్టినట్టు. చెయ్యి లేచిందా లేదా కంటికి కనిపిస్తది, లెక్కపెట్టొచ్చు. పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల పనికి ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్ల పిల్లలకు తెలుగు ఇంకా సరిగ్గా రాకపోయినా, చెయ్యెత్తిన బొమ్మ గోడకు అంటిస్తే ఇట్టే తెలుస్తది.

చెయ్యి లేస్తే మెచ్చుకోవాలె, అదీ వెంటనే. అమెరికాలో స్కిన్నర్ అని ఒక శాస్త్రవేత్త ఉండెటోడు. పావురాన్ని గిర్రున తిప్పాలనుకున్నడు. అది కాస్త పక్కకు తిరగంగనే ఒక గింజ. తర్వాత ఇంకాస్త తిరిగితేనే గింజ. అట్లట్ల పూర్తిగా చుట్టు తిరిగింది! గింజ ఆలస్యమైతే ఎందుకు పడిందో దానికి తెలియదు. మెచ్చుకోలు కూడా జొన్నరొట్టె లెక్కనే, పెనం మీద నుంచి తీసినప్పుడే రుచి.

మన పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది కదా. అక్కడ జొన్న, కంది రకాలను పక్కపక్క మళ్లల్లో వేసి, కొలిచి చూస్తరు. విత్తనం, ఎరువు, నీళ్లు అన్నీ ఒక్కసారే మారిస్తే పంట దేనివల్ల పెరిగిందో ఎట్ల తెలుస్తది? పిల్లలకూ ఒకసారికి ఒకటే లక్ష్యం పెట్టాలె. ముందు ఇప్పుడెక్కడున్నడో చూడాలె. రోజుకు రెండుసార్లు చెయ్యెత్తేవాడికి మూడు చాలు, పది వద్దు. ఓపిక కూడా కావాలె. లండన్‌లో పెద్దవాళ్లనే గమనిస్తే, చిన్న అలవాటు కుదరడానికి సుమారు 66 రోజులు పట్టిందట. ఒకరోజు తప్పినా అలవాటు చెడలేదట.

మా వాడు ఇదివరకు ఒక్కసారీ చెయ్యెత్తలే. నిన్న పొద్దున "మూడుసార్లు ఎత్తుత తాతా" అని పోయిండు. సాయంత్రం గేటు కాడ నుంచే రెండు వేళ్లు చూపించిండు. వెంటనే సకినం తీసి చేతిలో పెట్టిన. సున్నా నుంచి రెండుకు వచ్చిండు కదా!