బ్రేకు అరిగితే

బురదలోనూ ఇసుకలోనూ తిరగడానికి మా తమ్ముడు తోటలో నాలుగు లావుపాటి చక్రాల బండి ఒకటి పెట్టాడు. ఏటీవీ అంటారు. తోట వాలుగా దిగుడుబావి దాకా పోతుంది. కాబట్టి దాని బ్రేకుల పని నేనే చూస్తాను.

ఆ బ్రేకుకు బురద బద్ధశత్రువు సుమండీ! అందులోని ఇసుక ప్యాడుకూ డిస్కుకూ మధ్య చేరి ఆకురాయిలా అరగదీస్తుంది. ప్యాడు మందం ఒక మిల్లీమీటరుకు వచ్చిందంటే మార్చెయ్యాలి. లేకపోతే వెనుకనున్న ఇనుపరేకు డిస్కునే గీరేస్తుంది.

చక్రమూ క్యాలిపరూ విప్పి, పాత ప్యాడ్లు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాను. ఒకటే ఎక్కువ అరిగిందా, క్యాలిపరు జరిగే పిన్నులు బిగుసుకుని ఉండవచ్చు. వాటిని తుడవకుండా కొత్తవి వెయ్యడం శుద్ధ దండగ. పిస్టనును మెల్లగా వెనక్కు నెట్టేటప్పుడు పైనున్న బ్రేకు ఆయిలు డబ్బా మీద ఓ కన్నుండాలి. పొంగి కారితే బండి రంగు తినేస్తుంది.

మొన్న అన్నీ బిగించగానే తమ్ముడి కొడుకు తాళంచెవి అందుకున్నాడు.

"ఒక్క చుట్టు తిరిగొస్తాను, పెదనాన్నా!"

"ముందు బ్రేకు నొక్కి చూడరా" అన్నాను.

మీట హ్యాండిలు దాకా వచ్చేసింది! వాడి మొహం పాలిపోయింది. వెనక్కు నెట్టిన పిస్టను ఇంకా ప్యాడును తాకలేదు మరి. అయిదారుసార్లు నొక్కాక గట్టిపడింది. అప్పుడు గేటు దాకా, బావికి ఎదురువైపు, నడక వేగంతో పోనిచ్చాను.