‘బయట తెచ్చుకోండి’ అనే మాట ఎక్కడ పుడుతుంది?

ఎర్రగడ్డలో మెట్రో ఎక్కితే ఈఎస్‌ఐ ఆసుపత్రి, ఎస్సార్ నగర్ దాటాక మూడో స్టేషన్ అమీర్‌పేట, నాలుగోది పంజాగుట్ట. కొనుగోళ్ల విద్య ఇంత దగ్గర దగ్గరగా దొరికే దారి హైదరాబాద్‌లో మరొకటి లేదేమో. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లు ‘శాప్ ఎంఎం’ నేర్పుతాయి. కంపెనీ సరుకుకు ఎప్పుడు ఆర్డరివ్వాలి, వచ్చినదాన్ని లెక్కలోకి ఎలా ఎక్కించాలి, బిల్లును దేనితో సరిచూడాలి అనే పనంతా కంప్యూటర్ మీద నడిపే పద్ధతి అది. డిగ్రీ పూర్తయిన పిల్లలు రెండు మూడు నెలల్లో నేర్చుకుని ఉద్యోగాల వేటలో పడతారు. పంజాగుట్ట దాటి రాజ్‌భవన్ రోడ్డుకు వెళితే బెల్లావిస్టా భవనంలో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఉంది. 1956లో ఏర్పడిన ఈ సంస్థ ప్రభుత్వ అధికారులకు, కార్పొరేషన్ల మేనేజర్లకు పరిపాలనలోనూ కొనుగోళ్లలోనూ శిక్షణ ఇస్తుంది. ఇవి కాక, సప్లై చైన్‌లో మేలైన పద్ధతుల పేరుతో హోటళ్ల హాళ్లలో రెండు రోజుల సెమినార్లు జరుగుతూనే ఉంటాయి. ఇక దారికి ఈ చివర ఎర్రగడ్డలో తెలుగువాళ్లు తరతరాలుగా ‘టీబీ దవాఖానా’ అని పిలుచుకునే ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి, దానికి దగ్గర్లోనే మానసిక చికిత్సాలయం, మరికొంత ముందుకు ఈఎస్‌ఐ ఆసుపత్రి. మందు సమయానికి అందడం మీదే రోగి బతుకు ఆధారపడే చోట్లు ఇవి. నాలుగు స్టేషన్ల మేర పరచుకున్న ఈ విద్య ఎవరి చేతికి చేరాలో వాళ్లకు చేరడం లేదని నా వాదన. సర్కారు దవాఖానాలో స్టాక్ రిజిస్టర్ రాసే ఫార్మసిస్టు, జిల్లా స్టోర్‌లో పెట్టెలు దింపించుకునే స్టోర్ కీపర్ ఈ సెమినార్లకు అతిథులుగా కూడా పిలుపు అందుకోరు.

టీబీ మందునే తీసుకుందాం. మామూలు టీబీకి చికిత్స ఆరు నెలలు. మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్ నాలుగూ కలిసిన మాత్రలు, తర్వాతి నాలుగు నెలలు పైరజినమైడ్ లేకుండా మూడు కలిసినవి, రోగి బరువును బట్టి రోజుకు ఇన్ని చొప్పున వేసుకోవాలి. మధ్యలో మాత్రలు ఆగితే వ్యాధి తిరగబెట్టడమే కాదు, ఆ మందుకు లొంగని క్రిమి తయారయ్యే ప్రమాదం ఉంది. అప్పుడు చికిత్స మరింత కఠినమవుతుంది, ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది, రోగి దగ్గిన గాలి పీల్చే ఇంటివాళ్లకూ అదే మొండి జబ్బు అంటుకోవచ్చు. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. ఈ మాత్రలను ఎక్కువగా కేంద్రమే కొని, ప్రభుత్వ ఔషధ డిపోల నుంచి రాష్ట్ర స్టోర్‌కు, అక్కడి నుంచి జిల్లా స్టోర్‌కు, చివరికి ఆరోగ్య కేంద్రానికి పంపుతుంది. ఆ డిపోల్లో ఒకటి హైదరాబాద్‌లోనే ఉంది. 2024 మార్చిలో ఈ ఏర్పాటు తడబడింది. సరఫరా ఆలస్యం కావచ్చు, మూడు నెలలకు సరిపడా మందులు మీరే స్థానికంగా కొనుక్కోండని కేంద్ర టీబీ విభాగం రాష్ట్రాలకు లేఖ రాసింది. ఏళ్ల తరబడి పైనుంచి వచ్చిన పెట్టెలు దింపుకోవడమే తప్ప ఈ మందు కొనడం అలవాటు లేని జిల్లా యంత్రాంగం మీద ఆ బరువు ఒక్కసారిగా పడింది. ఎంత కొనాలి, ఎవరి దగ్గర కొనాలి, నాణ్యత ఎవరు చూడాలి? లేఖ అందిన రోజున ఈ ప్రశ్నలకు జవాబు నేర్చుకోవడానికి ఎవరికీ వ్యవధి ఉండదు.

సెమినార్లలో ఎక్కువ భాగం టెండర్ చుట్టూ తిరుగుతుంది. అది సహజమే. డబ్బు చేతులు మారేది అక్కడే, తప్పు పట్టేవాళ్ల కన్ను పడేదీ అక్కడే. ఈ విషయంలో మన దగ్గర గట్టి పనే జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలుపెట్టింది. టెండర్ పెట్టె దగ్గర మనుషులను నిలబెట్టి పోటీదారులను రానివ్వని రోజుల నుంచి, ఎక్కడో కూర్చుని కంప్యూటర్‌లో ధర నమోదు చేసే రోజులకు వచ్చాం. 2016లో కేంద్రం తెచ్చిన జెమ్ పోర్టల్ చిన్నా చితకా కొనుగోళ్లను కూడా తెర మీదకు తెచ్చింది. అయితే తక్కువ ధర ఖరారైన రోజు నుంచి మాత్ర రోగి అరచేతిలో పడేదాకా ఉన్న దూరం టెండర్ నిబంధనల పుస్తకంలో ఇమడదు. ఎంత కావాలో అంచనా వేయడం, వచ్చిన సరుకు పరీక్షించడం, గడువు ముందు తీరేదాన్ని ముందు బయటికి పంపడం, అడుగంటకముందే మళ్లీ అడగడం. కిరాణా కొట్టు నడిపే మనిషి పాల ప్యాకెట్ల విషయంలో రోజూ చేసే పనే ఇది. దాన్ని కొన్ని వందల రకాల మందులకు, వెయ్యి పడకల ఆసుపత్రికి చేయాలంటే మాత్రం అలవాటు ఒక్కటే చాలదు, నేర్చుకోవాలి.

ఒక లెక్క చూడండి. ఒక మందు మూడు నెలల్లో 600 స్ట్రిప్పులు ఖర్చయిందని రిజిస్టర్‌లో ఉంది. నెలకు 200 అనుకుని, ఫార్మసిస్టు తర్వాతి ఇండెంట్‌లో, అంటే సరుకు కోరే పత్రంలో, అంతే రాస్తాడు. కానీ ఆ 90 రోజుల్లో 30 రోజులు ఆ మందు స్టోర్‌లో లేనే లేదు. అంటే 600 స్ట్రిప్పులు 60 రోజుల్లోనే అయిపోయాయి, అసలు అవసరం నెలకు 300. లేని రోజుల్లో రోగులు ‘బయట తెచ్చుకోండి’ అన్న మాట విని ఆసుపత్రి ఎదురుగా ఉన్న మెడికల్ షాపుకు వెళ్లారు. వాళ్ల అవసరం ఏ రిజిస్టర్‌లోనూ ఎక్కలేదు. ఈసారి కూడా 200 చొప్పునే వస్తుంది, మళ్లీ ముందుగానే అయిపోతుంది, వాడకం మళ్లీ 200గానే కనిపిస్తుంది. కొరతే కొరతను కొనసాగించే ఈ తిరుగుడు నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఆందోళన కలిగించేది. ఇందులో దొంగతనం లేదు, నిర్లక్ష్యం కూడా లేదు. ఉన్న రోజులతో భాగించాలని ఎవరూ చెప్పకపోవడమే ఉంది. ఇంకో లెక్క: నెలకు వెయ్యి స్ట్రిప్పులు పోయే మందుకు, ఇండెంట్ పెట్టిన రోజు నుంచి సరుకు అల్మారాలో చేరడానికి నాలుగు నెలలు పడుతుందనుకుందాం. ఆపద సమయానికి రెండు నెలల నిల్వ ఉంచుకోవాలి. అప్పుడు స్టోర్‌లో 6,000 మిగిలినప్పుడే కొత్త ఇండెంట్ వెళ్లాలి. నిండుగా కనిపించే అల్మారా ముందు నిలబడి ‘ఇప్పుడే అడగాలి’ అనుకోవడం నేర్పితేనే వస్తుంది.

‘అసలు సమస్య డబ్బు. బిల్లులు నెలల తరబడి చెల్లించకపోతే కంపెనీలు సరుకు ఆపేస్తాయి. ఫార్మసిస్టుకు ఎన్ని లెక్కలు నేర్పితే మాత్రం ఏం లాభం?’ అని అడిగేవాళ్లున్నారు. ఈ అభ్యంతరంలో నిజం ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయను. సమయానికి డబ్బు ఇవ్వని ప్రభుత్వం ఎవరికి ఏ శిక్షణ ఇచ్చినా మందు రాదు. కానీ డబ్బు తక్కువైనప్పుడే ఎంపిక అవసరం ఎక్కువవుతుంది. మందులను ప్రాణాధారమైనవి, అవసరమైనవి, ఉంటే మంచివి అని మూడు తరగతులుగా విడదీసే పద్ధతి సప్లై చైన్ పాఠాల్లో మొదటి వారంలోనే వస్తుంది. ఇన్సులిన్, టీబీ మాత్రలు, మూర్ఛ మందులు మొదటి తరగతిలోకి వస్తాయి, బలం మాత్రలు చివరి దాంట్లోకి. చేతిలో ఉన్న డబ్బు ఎక్కడ తెగిపోయినా మొదటి తరగతికి మాత్రం తెగకూడదు. ఈ విభజన లేని చోట కోత అన్నిటి మీదా సమానంగా పడుతుంది. మానసిక చికిత్సాలయానికి వచ్చే రోగికి రోజూ వేసుకోవాల్సిన మాత్ర, ఒక టానిక్ సీసా ఒకే వరుసలో నిలబడతాయి.

రెండో అభ్యంతరం ఇంకా సూటిగా ఉంటుంది. 2019 సెప్టెంబరులో తెలంగాణ బీమా వైద్య సేవల విభాగంలో మందుల కొనుగోళ్ల మీద ఏసీబీ కేసు పెట్టి ఉన్నతాధికారులను అరెస్టు చేసింది. నిబంధనలు తోసిరాజని ఎక్కువ ధరలకు కొన్నారన్నది ఆరోపణ. (ఎర్రగడ్డ పక్కనున్న ఈఎస్‌ఐ ఆసుపత్రి కేంద్ర కార్పొరేషన్ కింద నడిచేది. ఆ కేసు ఈఎస్‌ఐ డిస్పెన్సరీలు నడిపే రాష్ట్ర విభాగానిది. రెండింటినీ కలిపి మాట్లాడటం అన్యాయం.) నిబంధనలు తెలిసినవాళ్ల మీదే ఇలాంటి ఆరోపణ వస్తే శిక్షణ ఏం ఆపుతుందని అడుగుతారు. దురాశను శిక్షణ ఆపదు, ఒప్పుకుంటాను. కానీ ఇలాంటి వ్యవహారం ఒక్క సంతకంతో నడవదు. కింద ఇండెంట్ రాసేవాళ్లు, సరుకు అందిందని ధ్రువీకరించేవాళ్లు, స్టాక్‌లో ఎక్కించేవాళ్లు ఉండాలి. తమకు అక్కర్లేని పరిమాణం వస్తోందని, అదే మందు మరో శాఖలో ఇంత తక్కువకు కొంటున్నారని వాళ్లకు తెలిస్తే, కనీసం ‘మాకు చెప్పలేదు’ అనే చాటు ఎవరికీ మిగలదు. అడగగలిగిన గుమాస్తా ఉన్న చోట పై అధికారి జాగ్రత్త పడతాడు.

కింది మనిషికి నేర్పితే ఏమవుతుందో ఊహించాల్సిన పని లేదు. పొరుగున తమిళనాడు 1994లో మందుల కొనుగోలుకు ప్రత్యేక కార్పొరేషన్ ఏర్పాటు చేసింది. దాని కేంద్రీకృత టెండర్ గురించే అందరూ చెప్పుకుంటారు. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది అక్కడి పాస్‌బుక్. ప్రతి ఆసుపత్రికి ఏడాదికి ఇంత విలువ అని ఒక పుస్తకం ఇస్తారు. జిల్లా గోదాం నుంచి తీసుకున్న మందు విలువ అందులోంచి తగ్గుతుంది. అంటే బ్యాంకు ఖాతాలా, ఏది ఎంత తీసుకోవాలో ఆసుపత్రే ఆలోచించుకోవాలి. వచ్చిన ప్రతి బ్యాచ్ నమూనా కంపెనీ పేరు కనపడకుండా కోడ్ వేసి ప్రయోగశాలకు వెళ్తుంది. తెలుగు రాష్ట్రాలూ ఆ దారిలో కార్పొరేషన్లు, జిల్లా సెంట్రల్ స్టోర్లు, ఈ-ఔషధి సాఫ్ట్‌వేర్ తెచ్చుకున్నాయి. మరో ఉదాహరణ టీకాలది. 2015లో దేశంలో మొదలైన ఈవిన్ వ్యవస్థ ఆరోగ్య కేంద్రంలో ఫ్రిజ్ తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో వాళ్లకే శిక్షణ ఇచ్చి, ఫోన్ ఇచ్చింది. ఇన్ని డోసులున్నాయి, ఫ్రిజ్‌లో ఇంత ఉష్ణోగ్రత ఉంది అనే సమాచారం ఆ చివరి గది నుంచి పైకి పారింది. ఈ విద్య అంటే ఉన్నతాధికారుల విద్య అని నమ్మేవాళ్లు ఈ ఒక్క ఏర్పాటును శ్రద్ధగా చూస్తే చాలు. ఆ మాటకొస్తే ఎర్రగడ్డ రైతుబజారుకే వెళ్లి చూడొచ్చు. 1999లో పుట్టిన రైతుబజార్ల పద్ధతిలో బోర్డు మీద ధర ఏ రోజుకారోజు, టోకు ధరను, వచ్చిన సరుకును బట్టి ఖరారవుతుంది. టమాటా బుట్టలు కళ్లెదుట ఉన్నవాళ్లే ఆ అంకె రాస్తారు.

ఇక మిగిలింది అందరికంటే ఎక్కువగా ఫార్మసిస్టులే చెప్పే అభ్యంతరం. పొద్దున ఓపీ మొదలైనప్పటి నుంచి కౌంటర్ ముందు వరుస కదులుతూనే ఉంటుంది, పక్కన సాయానికి మనిషి ఉండడు, రెండు రోజులు సెమినార్‌కు వెళ్తే మందులు ఎవరిస్తారు? దీనికి నా దగ్గర ఉన్న జవాబు సెమినార్ రూపమే మారాలన్నది. హోటల్ హాలులో పవర్‌పాయింట్ బొమ్మలు, భోజనం తర్వాత సర్టిఫికెట్ అనే పద్ధతి, వెళ్లడానికి వీలున్నవాళ్లకే పనికొస్తుంది. నెలాఖరున స్టాక్ లెక్కపెట్టే మధ్యాహ్నం, ఆ స్టోర్‌లోనే, ఆ రిజిస్టర్ తెరిచి పెట్టుకుని మూడు గంటలు కూర్చుంటే, పైన చెప్పిన 600 స్ట్రిప్పుల లెక్క వాళ్ల సొంత అంకెలతో వేయొచ్చు. నేర్పే మనిషి అక్కడికి రావాలి. అమీర్‌పేటలో మెటీరియల్స్ మేనేజ్‌మెంట్ నేర్చుకుని ఉద్యోగం కోసం తిరుగుతున్న యువకులను కొన్ని నెలలు ఈ పనికి తీసుకున్నా నష్టం లేదు. కంప్యూటర్ వాళ్లకు తెలుసు, మందు ఫార్మసిస్టుకు తెలుసు.

ఎర్రగడ్డలో దీన్ని మొదలుపెట్టడానికి ఒక సందర్భం కూడా ఉంది. ఛాతీ ఆసుపత్రి ఆవరణలో వెయ్యి పడకల టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన జరిగింది. అదే రోజు అల్వాల్, ఎల్బీ నగర్ టిమ్స్‌లకూ పునాది రాళ్లు పడ్డాయి. ఇలాంటి కొత్త ఆసుపత్రి మొదటి ఏడాది ఇండెంట్ సాధారణంగా ఊహ మీద రాసేది, ఎందుకంటే వెనక రికార్డు ఉండదు. ఇక్కడ మాత్రం పక్కనే ఉంది. చలికాలంలో ఆయాసంతో, దగ్గుతో వచ్చేవాళ్లు పెరిగినప్పుడు ఏ ఇన్‌హేలర్ ఎంత పోయింది, ఏ నెలలో ఏది ఎన్ని రోజులు లేకుండా పోయింది అనేది పాత ఆసుపత్రి స్టాక్ రిజిస్టర్లలో వెతికితే దొరికేదే. వాటిని రాసిన ఫార్మసిస్టులను, కొత్త స్టోర్ చూసుకోబోయేవాళ్లను ఒకచోట కూర్చోబెట్టి, పేజీలు తిప్పుతూ ఆ ఇండెంట్ రాయించవచ్చు. దానికి మూడు రోజులు పడుతుంది. స్టోర్ గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు కావాలి.