సముద్రంలో మాయమయ్యే రోడ్డు

ఆ ఫోటో చూసి మొదట ఎడిటింగ్ అనుకున్నా. సముద్రం మీద పోతున్న రోడ్డు మధ్యలో నీళ్ళలోకి దిగి మాయమైపోతోంది! తీరా చూస్తే నిజమే. స్వీడన్‌లోని మాల్మో నుంచి డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌కి వెళ్ళే ఓరెసుండ్ దారి అది. 2000లో తెరిచారు. దాదాపు 8 కిలోమీటర్ల వంతెన, తర్వాత 4 కిలోమీటర్ల కృత్రిమ దీవి, ఆ తర్వాత 4 కిలోమీటర్ల సొరంగం.

మొత్తం వంతెనే కట్టొచ్చు కదా? చిక్కు అక్కడే ఉంది. కోపెన్‌హాగెన్ విమానాశ్రయం సరిగ్గా ఆ ఒడ్డునే ఉంది. ఈ వంతెన స్తంభాలేమో 200 మీటర్లకు పైగా ఎత్తు. అలాంటివి రన్‌వే దగ్గర నిలబెడితే విమానాలకి ప్రమాదం. పైగా ఓడలకీ దారి వదలాలి.

సొరంగం అన్నమాటే గానీ నేలని తొలిచి చేసింది కాదు. సముద్రం అడుగున కందకం తవ్వారు. ఒడ్డున పోతపోసిన 20 భారీ కాంక్రీట్ పెట్టెల్ని చివర్లు మూసి, నీళ్ళ మీద తేల్చి తెచ్చి, ముంచి, ఒకదానికొకటి కలిపారు.

నాకు బాగా నచ్చింది ఇంకోటి. బాల్టిక్ సముద్రానికి ఉప్పునీరు వెళ్ళేది ఇలాంటి జలసంధుల గుండానే. అది తగ్గితే అక్కడి చేపలకి ముప్పు. అందుకే కట్టడం ఎంత అడ్డుపడుతుందో లెక్కగట్టి, ఆ మేరకు అడుగు తవ్వి ప్రవాహం తగ్గకుండా చూశారు.

నా కోడ్ రన్ అయితే చాలు, టీమ్‌లో ఇంకొకరిది పాడైతే నాకేంటి అనుకునేవాణ్ణి. ఇప్పుడు అలా అనుకోలేకపోతున్నా.