మహానగరం - ఛాయాచిత్రం

ఒక నగరం చరిత్ర గ్రంథాలలో మాత్రమే ఉండదు. దాని గోడలమీద, గోపురాలమీద, కిటికీలమీద, మెట్లమీద కూడా రాసి ఉంటుంది. ఆ రాతను చదవడానికి కన్ను కావాలి. చదివినదానిని పదిమందికీ చూపించడానికి, రాబోయే తరాలకు అందించడానికి ఛాయాచిత్రం కావాలి. కట్టడాలను ఛాయాచిత్రాలుగా తీయడం అందుకే ఒక కళ అయింది. ఒక శాస్త్రం కూడా అయింది.

ఛాయాచిత్ర కళ పుట్టిందే కట్టడాలతో అని చెప్పవచ్చు. కెమెరాతో తీసినవాటిలో నేటికీ మిగిలి ఉన్న మొట్టమొదటి చిత్రం ఫ్రాన్సు దేశీయుడైన నియెప్స్ 1826-27 ప్రాంతంలో తీసినది. తన ఇంటి మేడ కిటికీలోనుంచి కనిపించే పైకప్పులు, గోడలే అందులోని విషయం. ఆ చిత్రం పలకమీద పడటానికి చాలాసేపు పట్టింది. అంతసేపు కదలకుండా నిలిచేవి కట్టడాలే కదా! 1838లో డగేర్ అనే మరొక ఫ్రెంచివాడు పారిస్‌లోని ఒక రద్దీ వీధిని చిత్రించాడు. ఆ వీధిలో బండ్లు, మనుషులు నిత్యం తిరుగుతూనే ఉంటారు. అయినా చిత్రంలో వీధి దాదాపు నిర్మానుష్యంగా కనిపిస్తుంది. కదులుతున్నవేవీ పలకమీద నిలవలేదు. బూట్లకు మెరుగు పెట్టించుకుంటూ ఒకచోట నిలబడిన మనిషి మాత్రం అందులో కనిపిస్తాడు.

1839లో లోకానికి వెల్లడైన ఈ విద్య కొద్దికాలంలోనే మన దేశానికీ వచ్చింది. 1854లో బొంబాయిలో ఛాయాచిత్రకారుల సంఘం ఏర్పడింది. 1858లో లినేయస్ ట్రైప్ అనే సైనికాధికారి మద్రాసు ప్రభుత్వం పక్షాన మధుర, తంజావూరు ఆలయాలను చిత్రించాడు. ఆ తరవాత ఈ రంగంలో పేరు పొందిన భారతీయుడు లాలా దీనదయాళ్. ఆయన రూర్కీలో ఇంజనీరింగు విద్య చదివాడు. కట్టడం ఎలా నిలుస్తుందో తెలిసినవాడు కాబట్టి దానిని ఎక్కడనుంచి చూడాలో కూడా ఆయనకు తెలిసింది. హైదరాబాదు ఆరవ నిజాము ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియమించాడు. ఆనాటి హైదరాబాదు భవనాల రూపం ఈనాడు మనకు తెలుస్తున్నదంటే అందులో ఆయన చిత్రాల పాలు ఎంతో ఉంది.

మహానగరంలోని కట్టడాలను ఎలా చూడాలో, ఎలా తీయాలో తెలుసుకోవడానికి ముంబయి మంచి ఉదాహరణ. 1860వ దశకంలో పాత కోట గోడలను కూల్చివేశారు. ఆ ఖాళీ స్థలంలో కొత్త నగరం లేచింది. ఓవల్ మైదానం మధ్యలో నిలబడితే రెండు యుగాలు ఎదురెదురుగా కనిపిస్తాయి. తూర్పు వైపున హైకోర్టు, విశ్వవిద్యాలయం, రాజాబాయి గడియార స్తంభం ఉన్నాయి. ఇవి 19వ శతాబ్దంలో గోథిక్ పద్ధతిలో రాతితో కట్టినవి. 1878లో పూర్తయిన రాజాబాయి స్తంభం ఎత్తు సుమారు 85 మీటర్లు. దానికి ధనమిచ్చిన ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ తన తల్లి పేరు పెట్టించాడు. పడమటి వైపున 1930వ దశకం నుంచి కాంక్రీటుతో కట్టిన ఆర్ట్ డెకో భవనాలు ఉన్నాయి. గుండ్రని మూలలు, ఓడను తలపించే బాల్కనీలు వీటి గుర్తులు. ఈ రెండు వరుసలనూ కలిపి 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

ఛాయాచిత్రకారుడు మొదట తెలుసుకోవలసినది వెలుతురు దిక్కు. ఓవల్ మైదానంలోనే దీనిని పరీక్షించవచ్చు. పడమటి వరుసలోని భవనాలు తూర్పుముఖంగా ఉన్నాయి. కాబట్టి ఉదయపు ఎండ వాటిమీద పడుతుంది. తూర్పు వరుసలోని రాతి భవనాలు పడమటి ముఖంగా ఉన్నాయి. సాయంకాలపు ఎండ వాటిమీద ఏటవాలుగా పడినప్పుడు చెక్కడాల లోతు, తోరణాల నీడ స్పష్టంగా తెలుస్తాయి. మిట్టమధ్యాహ్నం ఎండ నడినెత్తినుంచి పడుతుంది. అప్పుడు చూరు నీడ గోడలను కప్పేస్తుంది. ఒకే గోడ ఉదయం ఒక రకంగా, సాయంత్రం మరొక రకంగా కనిపిస్తుంది. అందువల్ల తీయడానికి ముందు ఒక రోజంతా కట్టడాన్ని గమనించేవారు ఉన్నారు.

రెండవది నిలువు గీతల సంగతి. ఎత్తయిన భవనానికి దగ్గరగా నిలబడి కెమెరాను పైకి ఎత్తితే, చిత్రంలో గోడలు రెండూ పైన దగ్గరకు వంగి, భవనం వెనక్కి పడిపోతున్నట్లు కనిపిస్తుంది. భవనం అడుగుభాగం కంటె శిఖరం కెమెరాకు దూరంగా ఉంటుంది. దూరమైనది చిన్నదిగా కనిపిస్తుంది. కెమెరాను నిటారుగా, గోడకు సమాంతరంగా పట్టుకుంటే ఈ లోపం రాదు. కాని అప్పుడు శిఖరం చిత్రంలోకి రాకపోవచ్చు. దీనికి సులువైన ఉపాయాలు రెండు: వెనక్కి జరిగి దూరంనుంచి తీయడం, ఎదుటి భవనం రెండవ అంతస్తునుంచో మూడవ అంతస్తునుంచో తీయడం. ఈ పనికోసమే కటకాన్ని మాత్రం పైకి జరపగల పెద్ద కెమెరాలు పూర్వంనుంచీ ఉన్నాయి. ఈనాడు కంప్యూటరులోనూ, సెల్‌ఫోనులోనూ గీతలను సరిదిద్దవచ్చు. అయినా కన్ను ముందుగా సరిదిద్దుకున్న చిత్రమే మేలైనది.

మూడవది కొలత. ఒంటరిగా తీసిన ద్వారం ఎంత పెద్దదో చూసేవారికి తెలియదు. దానికింద ఒక మనిషి నడుస్తుంటే వెంటనే తెలుస్తుంది. 1924లో పూర్తయిన గేట్‌వే ఆఫ్ ఇండియా ఎత్తు 26 మీటర్లు. ఆ అంకె చెప్పలేనిది దాని తోరణం కింద నిలబడిన పల్లీలు అమ్మేవాడు చెబుతాడు. మనుషులు అక్కరలేదనుకుంటే కెమెరాను స్టాండుమీద కదలకుండా ఉంచి, కటకాన్ని చాలాసేపు తెరిచి ఉంచాలి. డగేర్ వీధిలోవలెనే జనం మాయమవుతారు.

నాలుగవది వివరం. దూరంనుంచి తీసిన చిత్రం కట్టడం ఆకారాన్ని చెబుతుంది. దగ్గరనుంచి తీసినది దాని స్వభావాన్ని చెబుతుంది. 1878లో మొదలై పదేళ్లపాటు కట్టిన విక్టోరియా టెర్మినస్ నేడు ఛత్రపతి శివాజీ మహరాజ్ టెర్మినస్. దాని ద్వారస్తంభాలమీద ఒకవైపు సింహం, ఒకవైపు పులి కూర్చుని ఉంటాయి. సింహం బ్రిటనుకు, పులి భారతదేశానికి గుర్తులు. లోపలి గోడలమీది ఆకులు, పక్షులు, జంతువుల చెక్కడాలలో బొంబాయి కళాపాఠశాల విద్యార్థుల పనితనం ఉంది. రోజూ లక్షలమంది ఆ దారిన పోతారు. తల ఎత్తి చూసేవారు తక్కువ. తల ఎత్తించడమే ఛాయాచిత్రం చేసే పని.

అయితే ఛాయాచిత్రం చూపించలేనిది కూడా ఒకటి ఉంది. పలకమీద శిల్పి పేరు, దాత పేరు ఉంటాయి. రాళ్లు మోసినవారి పేర్లు ఉండవు. 18వ శతాబ్ది చివరినుంచి తెలుగు ప్రాంతాల కూలీలు బొంబాయికి వలస వెళ్లి కట్టడం పనులు చేశారు. వారిని అక్కడ కామాఠీలు అన్నారు. కూలిపని చేసేవాడిని తెలుగులో కామాటి అంటారు కదా. వారు నివసించిన ప్రాంతమే కామాఠీపురా. ఆ నగరపు గోడలను చూసేటప్పుడు, అందులో తెలుగువారి చెమట ఉన్నదని గుర్తుంచుకోవాలి.

కట్టడాలు శాశ్వతమని అనిపిస్తుంది కాని, నగరం నిత్యం మారుతూ ఉంటుంది. ముంబయిలో ఒకప్పుడు బట్టల మిల్లుల పొగగొట్టాలు ఆకాశాన్ని తాకేవి. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాలనుంచి వెళ్లిన పద్మశాలీలు ఎందరో ఆ మిల్లులలో పనిచేశారు. 1982లో సుమారు రెండున్నర లక్షల కార్మికులు సమ్మె చేశారు. ఆ తరవాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఆ స్థలాలలో అంగళ్లు, ఆకాశహర్మ్యాలు వచ్చాయి. పొగగొట్టం కూలినచోట దాని ఛాయాచిత్రమే సాక్ష్యం. తాత పనిచేసిన మిల్లు ఎలా ఉండేదని మనుమడు అడిగితే చూపించడానికి అదొక్కటే మిగులుతుంది.

ఛాయాచిత్రం జ్ఞాపకంగానే కాక సాధనంగా కూడా ఉపయోగపడుతుంది. 2019లో పారిస్‌లోని నోత్రదామ్ చర్చి అగ్నిప్రమాదానికి గురైంది. కాలిపోయిన భాగాలను మళ్లీ కట్టడానికి అంతకుముందు తీసిన ఛాయాచిత్రాలు, లేసరు కొలతలు సాయపడ్డాయి. 2024 డిసెంబరులో ఆ చర్చి తిరిగి తెరుచుకుంది. ఏ చిత్రం ఏనాడు ఎవరికి అక్కరకు వస్తుందో తీసినవాడికి తెలియదు. అందుకే చిత్రం తీసిన తేదీ, స్థలం, నిలబడిన దిక్కు రాసి ఉంచడం మంచి అలవాటు. తేదీ లేని చిత్రం చిరునామా లేని ఉత్తరంవంటిది. రేవులు, సైనిక స్థలాలు, ఇతరుల ఇండ్లు వంటిచోట్ల అనుమతి లేకుండా తీయరాదన్న నియమాన్ని కూడా మరువరాదు.

ఈ పనికి మహానగరమే కావాలని లేదు. షోలాపురంలోని చేనేత ఇల్లు, బరంపురంలోని పాత వీధి అరుగు, యానాంలోని ఫ్రెంచివారి కాలపు భవనం, హోసూరు పక్క పల్లెలోని మండువా ఇల్లు - ఇవన్నీ చరిత్రలో భాగాలే. మహానగరపు భవనాన్ని వేలమంది తీస్తారు. మన వీధిలోని ఇంటిని మనం తీయకపోతే తీసేవారు ఉండరు. అది కూలకముందే ఒకసారి, మంచి వెలుతురులో, నిలువు గీతలు నిలువుగా ఉండేటట్లు, వాకిట్లో ఒక మనిషిని నిలబెట్టి తీసి, వెనకవైపు తేదీ రాయాలి. ఆ మనిషి పేరు కూడా రాయాలి.