ఇంజన్ యాడ దాక్కుంది?

మొన్న ఫలక్‌నుమాల ఎంఎంటీఎస్ ఎక్కినప్పటి సంది మా మనుమనిది ఒకటే సతాయింపు. "తాతా, ఆ బండికి ముందట ఇంజన్ లేదు, ఎన్క లేదు. మరెట్ల ఉరికింది?" జడ్చర్ల స్టేషన్ల బెంచీ మీద కూసొని, గూడ్సు దాటిపోయేదాక ఆగి చెప్పిన.

గూడ్సును ఇంజన్ గుంజుడంటే ఎడ్లు బండిని గుంజుడే, బిడ్డా. బాదేపల్లి మార్కెట్‌కు పోయే పల్లికాయ బస్తాలు ఎన్ని ఏసినా, నేలను తన్నేవి ఎడ్ల గిట్టలే. ఇంజన్ గూడ తన చక్రాల మీద ఎంత బరువుంటే అంతే పట్టాను పట్టుకుంటది. అంతకు మించి తొందర పెడితే చక్రం జారి ఉన్నకాడనే గిర్రున తిరుగుతది. లోకల్ బండి అట్ల కాదు, రోకలిబండ పురుగు లెక్క. కొన్ని పెట్టెల కింద మోటార్లుంటయి, ఒళ్లంత కాళ్లే. ఎక్కిన జనం బరువు గూడ పట్టుకే అక్కెరకొస్తది. ఆగి బయలెల్లంగనే వేగం అందుకునేది అందుకే.

ఈ ఇకమతు బాగ ముదిరింది జపాన్‌ల. టోక్యోల యమనోటె లైను నగరం నడుమ దండ లెక్క తిరుగుతది: 34.5 కిలోమీటర్లు, 30 స్టేషన్లు. కిలోమీటరు దాటంగనే బ్రేకు! ఆ పట్టాల ఎడం 1067 మిల్లీమీటర్లే. నా చిన్నతనంల మనూరికి మీటరుగేజీ బండొచ్చేది సూడు, దానికంటె నాలుగు వేళ్లంత ఎక్కువ, గంతే.

గిన్నిసార్లు ఆపితే ఆ ఊపంత ఏమైతది? 1960లల్ల వచ్చిన 103 రకం బండ్లల్ల వేడై గాలిల కలిసేది. ఆ రకం పెట్టెలు మూడు వేలకు పైగ చేసిండ్రు. 1979ల వచ్చిన 201 రకంల, ఆపేటప్పుడు మోటారే డైనమో అయింది. సైకిల్ డైనమోను టైరుకు ఆనిస్తె తొక్కుడు బరువైతది, లైటు ఎలుగుతది. గట్లనే బండిని ఆపే బలమే కరెంటై తీగెలకు పోతది, దగ్గర్ల బయలెల్లే ఇంకో బండి వాడుకుంటది.

"దగ్గర్ల బండి లేకుంటే?"

మంచిగడిగినవ్. అక్కడి తీగెల 1500 వోల్టుల డీసీ. తీసుకునే బండి లేకుంటే మళ్ల పాత బ్రేకే, మళ్ల వేడే. మన నెత్తి మీద తీగెల 25,000 వోల్టుల ఏసీ.

ఇంటికి రాంగనే అటక మీది పాత డైనమో దించమన్నడు. దించిన. తిరుగుతుంది గని బల్బు మాడిపోయింది. గసుంటి బల్బు ఇప్పుడు యాడ దొరుకుతదో.