బిడ్డ ఏ మెట్టుపై ఉన్నది? – బడిలో మదింపుల ప్రయోజనం

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రంలో చేరింది. నేటికీ తిరుత్తణి, తిరువళ్లూరు ప్రాంతాలలో ఇంట తెలుగు పలుకుతూ, బడిలో తమిళం చదివే పిల్లలు ఉన్నారు. ఉపాధికై వలస వచ్చిన కుటుంబాల పిల్లలూ వారిలో ఉన్నారు. అట్టి పిల్లల తల్లిదండ్రులు బడి పరీక్షల స్వభావాన్ని తెలుసుకొనుట అవసరం.

పరీక్షలు రెండు విధాలు. మొదటిది సర్వే. 2021 నవంబరు 12న జరిగిన జాతీయ సాధన సర్వేలో 3, 5, 8, 10 తరగతుల నుండి ఎంపిక చేసిన విద్యార్థులను పరీక్షించారు. దానివలన జిల్లా స్థితి తెలుస్తుందే గాని, ఒక్కొక్క బిడ్డ స్థితి తెలియదు.

రెండవది తరగతి గదిలోని మదింపు. కరోనా కాలంలో వెనుకబడిన చదువును సరిదిద్దుటకు తమిళనాడు ప్రభుత్వం ‘ఎణ్ణుం ఎళుత్తుం’ (అంకెలు, అక్షరాలు) పథకాన్ని 2022 జూన్ 13న తిరువళ్లూరు జిల్లాలోనే ప్రారంభించింది. ఆరంభంలో ఒకటి నుండి మూడు తరగతుల పిల్లలను తమిళం, ఆంగ్లం, గణితాలలో పరీక్షించి, అరుంబు, మొట్టు, మలర్ అను మూడు స్థాయిలుగా గుర్తించారు. చిరుమొగ్గ, మొగ్గ, పువ్వు అని వీటి భావం. బిడ్డ ఏ స్థాయిలో ఉంటే అక్కడి నుండే బోధన సాగాలి. కొంతకాలానికి మరల మదింపు జరగాలి.

ఇంట తెలుగు మాట్లాడే బిడ్డ విషయంలో ఒక జాగ్రత్త అవసరం. నోటిలెక్కలు చక్కగా చేసే అమ్మాయి, తమిళంలో వ్రాసిన ప్రశ్నను చదవలేక తప్పు చేయవచ్చు. మార్కును మాత్రమే చూస్తే ఆమెకు లెక్కలు రావని తోస్తుంది. ప్రశ్నను చదివి వినిపిస్తే సరియైన జవాబు చెప్పినచో, లోపం గణితంలో కాదు, చదువుటలో ఉన్నదని తేలుతుంది. అప్పుడు చేయవలసిన సాయమూ వేరు.

బడి పనితీరును కొలుచుటకూ ఇదే సూత్రం. సంవత్సరారంభంలో ఉన్న పిల్లలే సంవత్సరాంతానికి ఎంత ముందుకు వచ్చారో చూడాలి. పరీక్షకు వచ్చే ప్రశ్నలనే వల్లె వేయించినా, వెనుకబడిన పిల్లలను ఆ రోజు రావద్దన్నా అంకెలు పెరుగుతాయి, చదువు పెరగదు.

కావున తల్లిదండ్రులు “ఎన్ని మార్కులు?” అని అడిగి ఊరకుండరాదు. “ఏ విషయంలో ఏ స్థాయి? ఏది రాలేదు? దానికై ఏమి చేస్తున్నారు?” అని ఉపాధ్యాయులను అడగాలి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాల నిర్వహణ సంఘంలో కనీసం నాలుగింట మూడు వంతుల సభ్యులు తల్లిదండ్రులు, సంరక్షకులే. ఈ ప్రశ్నలను అక్కడ కూడ లేవనెత్తవచ్చు.