నిలిచిన గళం

సంగీతం గాలిలో పుట్టి గాలిలోనే లీనమయ్యే కళ. దానిని పట్టి నిలిపినది ధ్వనిముద్రణ. ఆ సాధనాన్ని పాటను భద్రపరచడానికే గాక, పాటను నిర్మించడానికి సైతం వినియోగించిన రాక్ బృందాలలో ఇంగ్లండుకు చెందిన ‘క్వీన్’ ముఖ్యమైనది.

ఆ బృంద గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ అసలు పేరు ఫరోఖ్ బుల్సారా. ఆయన 1946 సెప్టెంబరు 5న జాంజిబార్ ద్వీపంలో ఒక పార్సీ కుటుంబంలో జన్మించాడు. మహారాష్ట్రలోని పంచగనిలో విద్యాభ్యాసం చేస్తూ పియానో నేర్చుకున్నాడు. 1964లో జాంజిబార్‌లో విప్లవం చెలరేగగా ఆ కుటుంబం ఇంగ్లండుకు తరలిపోయింది. 1970లో గిటారు వాద్యకారుడు బ్రయాన్ మే, డ్రమ్స్ వాద్యకారుడు రోజర్ టేలర్‌లతో కలసి ఆయన ‘క్వీన్’ను నెలకొల్పాడు. మరుసటి సంవత్సరం జాన్ డీకన్ చేరికతో బృందం సంపూర్ణమయింది. 1973లో తొలి ఆల్బమ్ వెలువడింది.

1975లో విడుదలైన ‘బొహీమియన్ రాప్సొడీ’ వారి కీర్తిని దశదిశలా వ్యాపింపజేసింది. అందులో మహాబృందగానంలా వినిపించే భాగాన్ని పాడినవారు మెర్క్యురీ, మే, టేలర్ ముగ్గురే. 24 ట్రాకుల టేపుపై ఒక వరుస పాడి, దానికి తోడుగా మరొక వరుస ముద్రించేవారు. ట్రాకులు నిండగానే వాటిని ఒకటిగా కలిపి, ఖాళీ అయిన చోట తిరిగి పాడేవారు. పదేపదే తిరగడం వల్ల టేపుపై పూత అరిగి పలుచబడింది. దాదాపు ఆరు నిమిషాల పాటను రేడియోలు ప్రసారం చేయవని కొందరు శంకించారు. అయితే ఆ పాట బ్రిటన్‌లో తొమ్మిది వారాలు వరుసగా ప్రథమ స్థానంలో నిలిచింది.

అనంతరకాలంలో మెర్క్యురీ ఎయిడ్స్ బారిన పడ్డాడు. ఆనాటికి ఆ వ్యాధిని అదుపు చేయగల సమర్థమైన ఔషధాలు లేవు. శరీరం క్షీణిస్తున్నా ఆయన ధ్వనిముద్రణ మానలేదు. 1991లో స్విట్జర్లాండులోని మాంత్రో పట్టణపు స్టూడియోలో, ఓపిక ఉన్నంత మేర పాడి, మిగిలిన సంగీతాన్ని పూర్తిచేసే బాధ్యతను సహచరులకు వదిలాడు. నవంబరు 23న తన వ్యాధిని లోకానికి ప్రకటించి, మరునాడే లండన్‌లో కన్నుమూశాడు.

సహచరులు ఆ గళం చుట్టూ వాద్యాలను కూర్చి, 1995లో ‘మేడ్ ఇన్ హెవెన్’ ఆల్బమ్‌ను వెలువరించారు. అందులోని ‘మదర్ లవ్’ పాటలో చివరి చరణం పాడడానికి మెర్క్యురీ తిరిగి రాలేకపోయాడు. దానిని బ్రయాన్ మే పాడాడు. ఒక గళం ఆగిన చోటును, ఆ లోటును పూరించిన స్నేహాన్ని ఆ ముద్రణ నేటికీ వినిపిస్తూనే ఉంది.